నెంబరున్న సైకిలు

విహంగ టవర్స్ గేటు దగ్గర కూర్చునే రాజనర్సయ్యకు నమ్మకాలు రెండే. ఒకటి యాదగిరి నరసింహస్వామి, రెండోది రిజిస్టరు. స్వామి దగ్గరైతే మొక్కు వాయిదా వేసుకోవచ్చు. రిజిస్టరు దగ్గర ఆ వెసులుబాటు లేదు. అందులో పేజీకి అయిదు గడులు: బండి రకం, నెంబరు, ఎవరిది, వచ్చిన టైము, పోయిన టైము. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి చేతిలో ఆ పుస్తకం పడింది.

"నెంబర్ చెప్పు, రాస్త. నెంబరే లేనిదానికి నన్నేం రాయమంటవ్ చెల్లె?" అన్నాడు సోమవారం పొద్దున ఆరూ ఇరవైకి, నెల రోజులుగా అంటున్నట్టే.

ఎదురుగా వజ్రమ్మ సైకిలు పట్టుకుని నిలబడింది. నీలం రంగు లేడీస్ సైకిలు, ముందు బుట్టలో టిఫిన్ డబ్బా, సీటుకి పాలిథిన్ కవరు. తొమ్మిదింటికి ఆఫీసుల వాళ్లు వచ్చేలోగా ఆమె అయిదో అంతస్తు మొత్తం తుడవాలి, కింద హాలూ మెట్లూ కడగాలి.

"కింద మూలకు పెడత అన్నా. ఎవ్వరికి అడ్డం రాదు."

"అడ్డమొస్తదని కాదు. గా కాగితం సదువు."

గార్డు గది అద్దానికి అతికించిన కాగితాన్ని వజ్రమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'నెంబరు లేని బండిని లోపలికి రానివ్వరాదు. ప్రతి బండి నెంబరూ రిజిస్టరులో రాయవలెను.' కింద బిల్డింగు మేనేజరు కామరాజు సంతకం. రెండు నెలల కిందట సెల్లారులోంచి ఎవరిదో మోటారుసైకిలు పోయింది. ఆ వేడిలో రాసిన కాగితం అది. రాసేటప్పుడు కామరాజు బుర్రలో మోటారుసైకిళ్లున్నాయి, స్కూటర్లున్నాయి, కార్లున్నాయి. సైకిలు లేదు. ఈ ఊళ్లో రూళ్లు రాసేవాళ్లకు సైకిలు గుర్తుకు రావడం ఎప్పుడో మానేసింది. ఒళ్లు మండేది అక్కడే.

వజ్రమ్మ సైకిలు వెనక్కి తిప్పింది. రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. అటూ ఇటూ నిలబెట్టిన రేకుల అడ్డుగోడకు గొలుసుతో సైకిలు కట్టి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుంది. ఆ లాగి చూడటంలోనే ఆమె భయమంతా ఉంది. నెలలో రెండుసార్లు అక్కడే ఎవరో ట్యూబు కోసేశారు. రెండుసార్లూ మర్నాడు సైకిలు రిపేరు దుకాణంలో ఉండిపోయింది, ఆమె షేర్ ఆటో ఎక్కింది. షేర్ ఆటో నిండేదాకా కదలదు, ఎవరు తిట్టినా కదలదు. రెండుసార్లూ ఏడు దాటాక చేరింది.

"మూడో లేటు పడితే మాట్లాడటాల్లేవు. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి ఇంకో మనిషిని రప్పించుకుంటాను," అని కామరాజు అప్పుడే చెప్పేశాడు. ట్యూబు సంగతి చెప్పబోతే, "రోడ్డు మీద పెట్టడమెందుకు?" అన్నాడు. రోడ్డు మీద తప్ప చోటు లేకుండా చేసింది తనేనన్నది ఆయనకు తట్టలేదు.

మధ్యాహ్నం రెండున్నరకు వజ్రమ్మ బయటికొచ్చేసరికి రేకుల దగ్గర సైకిలు లేదు.

పరుగెత్తింది. రేకుల సందులోంచి చూస్తే లోపల ఇనుప చువ్వల కుప్ప మీద, తెగిన గొలుసుతో పడి ఉంది. పనివాళ్లకు క్రేను తిప్పడానికి అడ్డమైందట, ఎత్తి పారేశారు. ముందు చక్రం వంగింది. వెనక మడ్‌గార్డు నొక్కుకుపోయింది. టిఫిన్ డబ్బా మూత కనబడలేదు.

ఏడ్చే మనిషి కాదు. అయినా ఆ మూత కోసం చువ్వల్లో వెతుకుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

*

సైకిలు నడిపించుకుంటూ అమీర్‌పేట దాకా వచ్చింది. ఫుట్‌పాత్ నిండా కోచింగు సెంటర్ల పిల్లలు. తలెత్తితే జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్ అంటూ ఒకదాని మీద ఒకటి ఫ్లెక్సీలు. రిపేరు దుకాణంలో చక్రం సరిచేయించుకుంది. "మడ్‌గార్డు నాతోని కాదక్కా, గా పక్క కొట్ల సుత్తె ఉన్నది, అడుగు," అన్నాడతను.

పక్కన వీర్రాజు కొట్టు. నెంబరు ప్లేట్లు రాస్తాడు. వీధిలో అందరూ స్టిక్కరు మిషన్లు కొనుక్కున్నా అతను మాత్రం తుని నుంచి తెచ్చుకున్న కుంచె వదల్లేదు. అప్పుడే ఒక కుర్రాడి కొత్త బుల్లెట్టుకి నాలుగు తొమ్మిదులు రాస్తున్నాడు. కుర్రాడు ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు, ఆ నెంబరు కోసం ఆర్టీఏ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో.

వజ్రమ్మ ఆ తొమ్మిదుల వంక చూస్తూ నిలబడిపోయింది. తెల్లటి పలక, నల్లటి అంకెలు. దీని కోసమా తన సైకిలు చువ్వల మీద పడింది?

కుర్రాడు వెళ్లాక వీర్రాజు సుత్తితో మడ్‌గార్డు నెమ్మదిగా కొట్టి నొక్కు తీశాడు. ఆమె సైకిలు తీసుకోలేదు.

"దీనికి సుత ఒక నెంబర్ వెయ్యి."

"సైకిలుకి నెంబరేంటమ్మా?"

"గేటు కాడ అడుగుతుండ్రు. నెంబరుంటేనే లోపలికి రానిస్తరట."

వీర్రాజు కుంచె పక్కన పెట్టేశాడు. "దొంగ నెంబరు రాశానంటే నన్ను తీసుకెళ్లి స్టేషన్లో కూర్చోబెడతారు. పిల్లలున్నవాణ్ణి."

"దొంగది ఎందుకయితది? సైకిల్ నాది, పేరు నాది. నా పేరు వెయ్యి. పక్కన ఒకటి వెయ్యి."

"ఒకటి అంటే?"

"నాకన్న ముందు ఎవ్వరు వేయించుకోలే గద."

వీర్రాజు ఆమెను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి పనిలో పడ్డాడు. మడ్‌గార్డును గరుకు కాగితంతో రుద్ది, తుప్పు దులిపి, గుడ్డతో తుడిచి, తెల్ల ఎనామిలు రంగుతో పలక గీశాడు. అది ఆరేదాకా ఇద్దరూ చెరో కప్పు టీ తాగారు. ఆరాక సుద్ద పూసిన దారం బిగించి రెండు గీతలు కొట్టి, వాటి మధ్య ఊపిరి బిగబట్టి రాశాడు: వజ్రమ్మ 1.

"ఒకటి కాస్త లావుగా వేశానమ్మా. దూరానికి కనబడాలి కదా," అన్నాడు. ఆమె వెళ్తుంటే ఆగమని, డబ్బా అడుగున మిగిలిన నల్లరంగు, ఒక పాత కుంచె చేతిలో పెట్టాడు. "గీతలు పడితే దిద్దుకోండి."

*

మంగళవారం ఆరూ ఇరవైకి రాజనర్సయ్య కుర్చీలోంచి లేచాడు. సైకిలు వెనక్కి వెళ్లి వంగి చదివాడు. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చదివాడు. రంగు ఆరిందో లేదో వేలితో తాకి చూశాడు.

నవ్వులాటగా ఉందా అని కసురుతాడేమోనని వజ్రమ్మ ఎదురుచూస్తోంది.

రాజనర్సయ్య కుర్చీలో కూర్చుని స్కేలు పెట్టి గీత కొట్టాడు. 'బండి రకం: సైకిలు. నెంబరు: 1. ఎవరిది: వజ్రమ్మ. వచ్చిన టైము: 6.22.' టోకెను బిళ్ల ఆమె చేతిలో పెట్టాడు.

"రెండు నిమిషాలు నేను సదవబట్టి ఎక్కువైనయి," అన్నాడు. "మా నాయన సైకిల్‌కు సుత మున్సిపాలిటోళ్ల నెంబర్ బిల్ల ఉండె చెల్లె. బిల్ల లేకుంటే పట్టుకపోతుండ్రి. నెంబరున్న సైకిల్‌ను మల్ల ఇయ్యాలనే చూస్తున్న. పో, ఎడమ దిక్కు మూలకు పెట్టు."

ఆమె ర్యాంపు మీద తొక్కకుండా నడిపించుకుంటూ దిగింది. కార్ల మధ్య, మోటారుసైకిళ్ల మధ్య, ఒక స్తంభం పక్కన స్టాండు వేసింది. తాళం వేసింది గాని లాగి చూడలేదు. ఆ రోజు అయిదో అంతస్తు తుడుస్తూ ఒక్కసారి కూడా కిటికీలోంచి కిందికి తొంగి చూడలేదు. నెల రోజుల్లో అదే మొదటిసారి.

మంచి మాట దాగదు. క్యాంటీనులో టీ కాసే మొగిలయ్య మర్నాడు బోరబండ నుంచి తన పాత సైకిలు తీసుకొచ్చి, "అక్కా, నాకు రెండు వెయ్యి," అన్నాడు. తర్వాత కొరియరు అతను, జిరాక్సు అతను, మూడో అంతస్తు ఆయా. లిఫ్టు నడిపే నర్సింహులుకు నాలుగు దక్కింది. వజ్రమ్మ అన్నం తినే పది నిమిషాల్లో వీర్రాజు ఇచ్చిన కుంచెతో అంకెలు వేసింది. వీర్రాజు అంత అందంగా రాలేదు, అయిదు కొంచెం తూలింది. రాజనర్సయ్య మాత్రం చదవగలిగితే చాలన్నాడు.

మరుసటి వారం గురువారం పొద్దున నర్సింహులు బస్సు దిగి నడిచొచ్చాడు.

"సైకిలేది?" అంది వజ్రమ్మ.

"పిక్కలు పట్టేసినయక్కా. రేపు తెస్తలే."

"రేపు తేకుంటే నీ నాలుగు ఇంకొకరికి ఇస్త. మూల గింతే ఉన్నది, అడిగేటోళ్లు మస్తుమందున్నరు. రోజు వచ్చేటోళ్లకే నెంబర్."

"నువ్వేమన్న ఆర్టీఏ ఆఫీసరువా?" అన్నాడు నర్సింహులు. అన్నాడే గాని, భయపడ్డాడు. అప్పటికి మూలలో పదకొండు అంకెలయ్యాయి.

ఆ మధ్యాహ్నమే కామరాజు సెల్లారులోకి దిగాడు. వెనకాల ఒక మనిషి చుట్టిన ఫ్లెక్సీ మోసుకొస్తున్నాడు. మర్నాడు అయిదో అంతస్తు కంపెనీ వాళ్ల సైకిల్ డే. కంపెనీ పెద్ద రఘురామ్, ఆయన వెనక నలభై మంది ఉద్యోగులు సైకిళ్ల మీద ఆఫీసుకు వస్తారు. పేపరు వాళ్లు ఫోటోలు తీస్తారు. ఫ్లెక్సీ మీద 'పెడల్ తొక్కుదాం, నగరాన్ని మారుద్దాం' అని ఉంది.

"ఏంటిది? ఇక్కడ సైకిళ్ల సంత ఎవడు పెట్టమన్నాడు?" అని కామరాజు గేటు దాకా వినబడేలా అరిచాడు.

రాజనర్సయ్య రిజిస్టరు తెచ్చి చూపించాడు. తర్వాత అద్దం మీది కాగితం చూపించాడు. "మీ సంతకమే సార్. నెంబరుంటే రానియ్యమన్నరు. అన్నిటికి ఉన్నయి."

కామరాజు మొహం కందగడ్డ అయింది. "రేపు ఇక్కడ రఘురామ్ గారి స్టాఫు సైకిళ్లు పెట్టాలి. ఈ తుప్పు సామాను ఒక్కటి కూడా నా కంటికి కనబడకూడదు."

"కాగితం రాసియ్యుండ్రి సార్. నోటి మాట రిజిస్టర్‌ల ఎక్కదు."

"రాస్తానయ్యా, రాస్తాను!" అని, బెలూన్లవాడు పిలిస్తే వెళ్లిపోయాడు. మెట్ల దగ్గర తడిగుడ్డతో నిలబడ్డ వజ్రమ్మను చూసి ఒక్క క్షణం ఆగాడు. "రెండు లేట్లున్నాయి నీకు. గుర్తుందా?"

*

శుక్రవారం తెల్లవారి ఎస్.ఆర్. నగర్ నుంచి తొక్కుకొస్తున్నంతసేపూ వజ్రమ్మకు ఒకటే ఆలోచన. మళ్లీ ఆ రేకులకే కట్టాలి. గేటు దగ్గర దిగి, అడక్కుండానే వెనక్కి తిప్పబోయింది.

"ఏడికి?" అన్నాడు రాజనర్సయ్య. "నెంబర్ చెప్పు."

"సార్ వద్దన్నడు గదన్నా."

"కాగితం ఇయ్యలే. నెంబర్ చెప్పు."

"ఒకటి," అంది.

ఒకటి వెనకాలే రెండు, మూడు వచ్చాయి. పిక్కలు పిసుక్కుంటూ నాలుగు వచ్చింది. ఏడున్నరకల్లా పదకొండూ లోపలున్నాయి. ఎనిమిదింటికి కామరాజు వచ్చాడు గాని సెల్లారు వైపు చూసే తీరిక ఎక్కడిది? బెలూన్లు కట్టించాడు, మెట్లు వజ్రమ్మ చేత మూడుసార్లు తుడిపించాడు. పనుల హడావుడిలో రాయాల్సిన కాగితం రాయనేలేదు.

తొమ్మిదింటికి బెల్లులు మోగాయి. పంజాగుట్ట చౌరస్తా వైపు నుంచి నలభై కొత్త సైకిళ్లు వచ్చాయి. మెరిసే గేర్లు, ఒకే రంగు టీషర్టులు, నెత్తిన టోపీలు. ఆ సైకిళ్లు నెక్లెస్ రోడ్డుకు డీసీఎం వ్యాన్‌లో వచ్చాయి, మనుషులు కార్లలో వచ్చారు, అక్కణ్నుంచే తొక్కుడు. ముందు రఘురామ్. యాభై ఏళ్ల మనిషి, చెమటతో మొహం మెరుస్తోంది. ఫోటోగ్రాఫరు వెనక్కి నడుస్తూ ఫోటోలు తీస్తున్నాడు.

రాజనర్సయ్య గేటుకు అడ్డంగా గొలుసు వేశాడు.

"ఏంటండీ ఇది?" అన్నాడు రఘురామ్, ఒక కాలు నేల మీద ఆనించి.

"బండి నెంబర్ చెప్పుండ్రి సార్."

"సైకిలుకి నెంబరేంటి?"

"మా తాన ఉంటయి సార్. లోపల పదకొండున్నయి."

కామరాజు మెట్ల మీంచి పరుగెత్తుకొచ్చాడు. "రాజనర్సయ్యా! తియ్ ఆ గొలుసు! వారెవరో తెలుసా నీకు?"

"ఎర్కే సార్. రఘురామ్ సార్. ఎవరిది అన్న గడి నిండింది. నెంబర్ గడే ఖాళీగున్నది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మెట్ల మీదున్న వజ్రమ్మ, తన ఉద్యోగంతో పాటు రాజనర్సయ్య ఉద్యోగం కూడా పోతుందనుకుంది. రఘురామ్ సైకిలు దిగి అద్దం మీది కాగితం చదివాడు, కింది సంతకం చూశాడు, కామరాజును చూశాడు. రిజిస్టరు అడిగి తీసుకుని పేజీలు తిప్పాడు.

"ఈ వజ్రమ్మ ఎవరు?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"రోజూ సైకిలు మీదే వస్తారా అమ్మా?"

"రోజు సార్. వానొచ్చినా."

"ఎక్కణ్నుంచి? ఎంతసేపు?"

"ఎస్.ఆర్. నగర్ నుంచి సార్. పావుగంట. సిగ్నల్ పడితే ఇంకో రెండు నిమిషాలు."

"నేనుండేది మధురానగర్. కారులో ముప్పావుగంట," అన్నాడాయన వెనక్కి తిరిగి తన వాళ్లతో. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, "సరే, మాకూ నెంబర్లు ఇప్పించండి. ఎవరినడగాలి?" అన్నాడు.

రాజనర్సయ్య పెన్నుతో వజ్రమ్మను చూపించాడు.

కామరాజు ఆమె వైపు చూసిన చూపులో అంతా ఉంది. ఇచ్చెయ్, బతికిపో. ఇవ్వడం ఎంతసేపు? రంగు డబ్బా క్యాంటీనులోనే ఉంది. గొలుసు దిగిపోతుంది, ఫోటోలు పడతాయి, లేట్లు కూడా మాఫీ అవుతాయేమో. కాని ఆ గుంపు పక్కన నర్సింహులు పిక్కలు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. నిన్న అతని మీద గుడ్లురిమింది తనే. నర్సింహులుకొక మాట, సారుకొక మాటా?

"పన్నెండు ఖాళీగున్నది సార్," అంది. "గని ఒక్క దినానికి ఇయ్యం. రోజు వచ్చేటోళ్లకే."

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు.

"మరి ఇవాళ?" అన్నాడు రఘురామ్.

"ఇయ్యాల బయట పెట్టుకోండ్రి సార్. మేం గట్లనే పెట్టుకున్నం."

రఘురామ్ మొహం ఎర్రబడింది. రిజిస్టరు వంక చూసి, మూసి రాజనర్సయ్యకు ఇచ్చేశాడు. తన సైకిలు తనే తిప్పుకుని రేకుల దగ్గరికి నడిచాడు. నలభై సైకిళ్లూ ఆయన వెనకే వెళ్లి రేకులకు వరసగా ఆనాయి.

"మధ్యాహ్నం నా రూముకి రండి. ఇద్దరూ," అన్నాడు కామరాజు పళ్లు బిగించి.

*

రెండున్నర దాకా వజ్రమ్మ ఏం తుడిచిందో ఏం కడిగిందో ఆమెకే తెలియదు. రాజనర్సయ్యతో కలిసి కామరాజు గది వైపు నడుస్తుంటే గేటు బయట గోల వినబడింది.

క్రేను తిప్పడానికి అడ్డమొచ్చాయని సగం సైకిళ్లు చువ్వల కుప్ప మీద పడి ఉన్నాయి. తొమ్మిది సైకిళ్లకు ట్యూబులు కోసేశారు. టీషర్టుల పిల్లలు వంగిన గేర్లు పట్టుకుని లబోదిబోమంటున్నారు. కామరాజు రేకుల మీద చేత్తో కొడుతూ అవతలి వాళ్లను తిడుతున్నాడు. రఘురామ్ మాత్రం వంకరపోయిన హ్యాండిలు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"మీకూ ఇలాగే చేశారా?" అన్నాడు వజ్రమ్మను చూసి.

"రెండు తాపలు ట్యూబు కోసిండ్రు సార్. గా మరునాళ్లే నేను లేటైన. మొన్న ఎత్తి పారేసిండ్రు."

"లేటైతే ఏం చేస్తారు?"

ఆమె కామరాజు వంక చూసింది. రఘురామ్ కూడా చూశాడు. కామరాజు తిట్టడం ఆపేసి, రేకుల నుంచి చేతికి అంటిన మట్టిని దులుపుకోవడం మొదలుపెట్టాడు. గదికి రమ్మన్న మాట ఎత్తలేదు. కాసేపు చూసి వజ్రమ్మ సెల్లారులోకి దిగింది.

ర్యాంపు ఎక్కి వస్తున్న నీలం సైకిలుకు ఒక్క గీత లేదు. గాలి నిండుగా ఉంది. పిల్లలు పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె ఎక్కి, బెల్లు ఒకసారి గట్టిగా కొట్టి, ఆగిపోయిన కార్ల మధ్య నుంచి అమీర్‌పేట వైపు తొక్కుకుంటూ పోయింది. లావుపాటి ఒకటి చాలాదూరం దాకా కనబడింది.

*

సోమవారం తెల్లవారుజాము నుంచే వాన. ఆరూ పంతొమ్మిదికి తడుస్తూ వచ్చిన వజ్రమ్మకు రాజనర్సయ్య అద్దం చూపించాడు. కొత్త కాగితం. ఆమె కూడబలుక్కుంది. 'సైకిళ్లకు సెల్లారులో ఎడమవైపు చోటు కలదు. నెంబరు తప్పనిసరి. నెంబర్ల కొరకు వజ్రమ్మను సంప్రదించవలెను.' కింద కామరాజు సంతకం.

"కాగితం మీద వచ్చింది చెల్లె," అన్నాడు రాజనర్సయ్య తృప్తిగా. "శనివారం రఘురామ్ సార్ పిలిచి రాయించిండంట. నీ రెండు లేట్లు సుత కొట్టేసిండ్రు. ఇగ ఫికర్ చెయ్యకు."

వజ్రమ్మ తన పేరు అద్దం మీద చూసుకోవడం అదే మొదలు. మళ్లీ చదివింది, ఈసారి కూడబలుక్కోకుండా.

తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా గేటు దగ్గర ఒక సైకిలు ఆగింది. వాన కోటు, మోకాళ్ల దాకా బురద, సరిచేయించిన హ్యాండిలు. ఫోటోగ్రాఫరు లేడు, టీషర్టుల వాళ్లు లేరు. రఘురామ్ ఒక్కడే రొప్పుతూ మెట్ల దగ్గరున్న ఆమెను అడిగాడు.

"పన్నెండు ఇంకా ఖాళీగానే ఉందా?"

"ఉన్నది సార్. ఎంతసేపు పట్టింది?"

"ఇరవై నిమిషాలు," అన్నాడు. కారు కన్నా ముందొచ్చిన సంబరం ఆ బురద మొహంలో దాగలేదు.

వజ్రమ్మ క్యాంటీనులోంచి అట్టముక్క తెచ్చి, దాని మీద పన్నెండు వేసి, పురికొసతో సీటు కింద కట్టింది. "ఇయ్యాలటికి అట్ట సార్. రేపు సుత వస్తే పెయింట్ వేస్త."

రాజనర్సయ్య వంగి చదివి, స్కేలు పెట్టి గీత కొట్టి, అయిదు గడులలో నాలుగు నింపాడు. వజ్రమ్మ చోటు చూపించడానికి ర్యాంపు దిగింది. రఘురామ్ ఆమె నీలం సైకిలు పక్కనే స్టాండు వేసి, తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

"అట్ల కాదు సార్," అంది వజ్రమ్మ. "జర ఇటు జరుపుండ్రి. మొగిలయ్య సైకిల్ బయటికి రావాలె."

ఆయన మళ్లీ తాళం తీసి, జరిపి పెట్టాడు.